పద్నాలుగో నంబరు

ఫర్వానియాలో మూడో అంతస్తు. తొమ్మిది మంచాలు, ఒక రూటరు.
ఫ్రిజ్ నెత్తిమీద, బియ్యం సంచి పక్కన
పచ్చదీపం కొట్టుకుంటూ ఉంటుంది.
పగలు ఆఫీసుల్లో కేబుళ్లు లాగేవాణ్ణి కాబట్టి
రూమువాళ్లు దాని పాస్‌వర్డ్ నాకే అప్పజెప్పారు.

ఈ నంబర్లేంది తమ్మీ, అన్నాడు ముత్తెన్న.
పదితో మొదలయ్యేవి కొన్ని,
నూట డెబ్భై రెండులో పదహారు నుంచి ముప్పై ఒకటి దాకా కొన్ని,
మనది నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది.
ముద్దుపేర్లే అన్నా ఇవన్నీ.
గడప లోపల చిన్నోడా అంటే నువ్వు పలుకుతవు.
బజార్ల నిలబడి అరిస్తే ఎవడు పలుకుతడు?
ఇంటికొక చిన్నోడు ఉంటడు.

ఫ్రిజ్‌లో తన మామిడి తొక్కు తరిగిపోతోందని
కెమెరా కొన్నాడు ముత్తెన్న.
అహ్మదీలో పైపులు మోస్తూ సెల్లులో చూసుకోవాలట,
ఒక్క పోర్టు తెరవమన్నాడు.
తెరవలేదు. రాత్రి లాగ్ తీసి చూపించాను:
ఇరవై రెండు తట్టినవాడు, ఇరవై మూడు తట్టినవాడు,
మూడువేల మూడువందల ఎనభై తొమ్మిదిని తట్టి తట్టి పోయినవాడు.
ఎక్కడివాళ్లో, ముఖాల్లేవు.
నీ తొక్కుకు ఇంత గిరాకీ అన్నా.
నవ్వాడు. అలిగాడు. సీసాకి గుడ్డ కట్టి ముడి మీద ముడి వేశాడు.

నియమం ఒక్కటే రాశాను.
లోపలివాడు అడిగినదానికి జవాబొస్తే రానివ్వు.
అడగకుండా వచ్చింది అక్కడే రాలిపోనీ.
కాదనకు. లేడనకు. నోరే విప్పకు.
కాదన్నా చాలు, మనిషున్నాడని తెలిసిపోతుంది.

పద్నాలుగు రాజలింగుది.
కఫీల్ దగ్గర్నుంచి బయటపడి రెండేళ్లు. ఖల్లివల్లి.
సిమ్ము నా పేర,
పంపే డబ్బు బాపన్న పేర.
నా పేరు తొడుక్కుని బయటికెళ్తాయి అతని మాటలు.
తిరిగొచ్చినవి ఎవరివో గుర్తుపెట్టుకుని
అతని చేతిలో పెడతాను.
రూటరు చేసేదీ అదే, దానికి జీతం లేదు.
ఎప్పుడు కలిసినా అదే నంబరు దొరకాలని
పద్నాలుగును అతని సెల్లుకే కట్టేశాను.
ఈ దేశంలో అతని పేర ఉన్నది అదొక్కటే.

నిన్న రాత్రి రెండింటికి తలుపు చప్పుడు.
మేమెవరం ఏదీ తెప్పించుకోలేదు.
బాపన్న ఏసీ ఆపాడు.
రాజలింగు నీళ్ల డబ్బాల వెనక గోడైపోయాడు.
మూడుసార్లు. ఆగి, మళ్లీ రెండుసార్లు.
ఎవరూ కాదనలేదు, లేడనలేదు.
ముత్తెన్న కెమెరా మాత్రం
ఫ్రిజ్‌ని చూస్తూ ఉంది.

బూట్లు పక్క ఫ్లాట్‌కి జరిగాయి.
అక్కడా ఒక రూటరుంది.
అక్కడా ఒక పద్నాలుగు ఉంటాడు.