పేరు = పేరు

జావా నేర్చుకుంటున్నానంటే
మా అమ్మ గరిటె ఆపి చూసింది.
"జావ కాయడానికి కాలేజీ ఏటే?
చోడిపిండుంది, నీళ్లున్నాయి,
కలియబెడితే అదే ఉడుకుతాది."
నేను నవ్వలేదు.
సెమిస్టరు మొదలై మూడు వారాలు,
నాకప్పటికే ఉండలు కడుతున్నాయి.

కోరాడ సన్యాసిరావు సారు బోర్డు మీద పెట్టె గీసి
క్లాస్ అన్నారు.
క్లాసులో కూర్చున్నవాళ్లం గోడల కేసి చూశాం.
"ఇది మనిషి కాదు,
మనిషికి ఏమేం ఉండాలో రాసిన చీటీ.
కొత్త అని రాస్తేనే మనిషి పుడతాడు."
న్యూ అనే మాటని ఆయన కొత్త అంటారు.
కొత్తమాసకి కూడా పాత ఓణీ ఇస్త్రీ చేసుకున్నదాన్ని,
ఆ మాట అన్నిసార్లు టైపు చేస్తుంటే
ఎవరి డబ్బో ఖర్చు పెడుతున్నట్టు ఉండేది.

ల్యాబులో, మీకు నచ్చిన క్లాస్ రాయండి అన్నారు.
అందరూ బ్యాంకు ఖాతా రాశారు.
పక్కన నౌషీన్ కారు రాసింది, దానికి ఐదు గేర్లు.
నేను కార్మికుడు అని రాశాను.
పేరు, టోకెన్ నంబరు, షిఫ్టు.
నెల్లిమర్ల నుంచి వచ్చేదాన్ని,
జనపనార దుమ్ము తప్ప నాకేం తెలుసు?
మిల్లు గేటుకి తాళం పడి పదకొండు నెలలు.
నాన్నది ఇప్పుడు మూడు లాంతర్ల దగ్గర అరటిపళ్ల బండి.
ఇత్తడి టోకెన్ మాత్రం మొలతాడుకి అలాగే ఉంది,
రెండు వందల పద్నాలుగు.

కన్‌స్ట్రక్టర్‌లో శ్రద్ధగా రాశాను:
పేరు = పేరు.
ఇంతకంటే నిజం ఏముంటుంది?
కంపైలరు కూడా ఎదురు చెప్పలేదు.
నాన్న షిఫ్టు వాళ్లని నలుగురిని పుట్టించి
రన్ నొక్కాను.

నల్
నల్
నల్
నల్

జీతాల నాడు గేటు బయట నిలబడ్డట్టు
ఒకళ్ల కింద ఒకళ్లు.

గంటన్నర వెతికాను.
మధ్యలో కరెంటు పోయింది, సేవ్ చేసుకోలేదు,
మళ్లీ మొదటినుంచి, మళ్లీ అదే తప్పు,
ఈసారి ఇంకా తొందరగా.

సారు వచ్చి, కళ్లజోడు పైకెత్తి చదివారు.
"పేరు ఎవరికిచ్చావమ్మా?
గుమ్మంలోకి తెచ్చిన పేరుని గుమ్మంలోనే ఇచ్చేశావు.
అది తనకి తనే ఇచ్చుకుని ఎల్లిపోనాది.
లోపల పుట్టినోడు పేరు లేకుండా ఉండిపోనాడు.
ముందు దిస్ పెట్టు."
దిస్ అంటే ఇది కదా సార్?
"ఇది కాదు. నేను."
ఎవరు సార్?
"ఎవరు పుడుతుంటే వాళ్లు."

నేను అనే మాట
నేను క్లాసులో ఎప్పుడూ అనలేదు.
యడ్ల ఇందుమతి అని పిలిస్తే
చెయ్యెత్తుతాను, గొంతెత్తను.
ఇంట్లో బుల్లిని.
రెండు పేర్లు, మనిషొకటే,
ఒకదాన్ని తిడితే రెండోదానికీ తగులుతుంది.
రిఫరెన్సు అంటే అదేనని పోయినవారం చెప్పారు,
నాకు అదొక్కటే వెంటనే అర్థమైంది.

నాలుగక్షరాలు. ఒక చుక్క.

గేదెల అప్పన్న, నూట తొంభై, బి షిఫ్టు
మజ్జి సూర్యం, రెండు వందల ఆరు, బి షిఫ్టు
పతివాడ ఎర్రన్న, రెండు వందల పదకొండు, బి షిఫ్టు
యడ్ల గవరయ్య, రెండు వందల పద్నాలుగు, బి షిఫ్టు

"ఎవరే వీళ్లంతా?" అంది నౌషీన్.
ఎవరో లే అనబోయి,
చెప్పాను.

పదికి ఏడు వేశారు. కామెంట్లు రాయలేదట.
బ్యాగు సర్దుకుంటూ, వెనక బెంచీకి వినపడేలా అడిగాను,
ప్రోగ్రాం అయిపోయాక
వీళ్లెక్కడికి పోతారు సార్?
"మెమొరీలో చెత్త ఏరేవాడొకడు ఉంటాడు.
వచ్చేవారం సెప్తాను."
మొత్తం క్లాసు నవ్వింది.
సారు నవ్వలేదు.

ఐదూ పదికి బస్సు.
మూడు లాంతర్ల దగ్గర నాన్న
మచ్చపడ్డ పళ్లు వేరు చేస్తున్నాడు.
"ఏటే, జావా అయిందా?"

ఉడుకుతోంది, అన్నాను.