ఆఖరి సౌండ్ చెక్

రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో
సాయంత్రం నాలుగింటికి కుర్చీలు దించాం.
రెండొందల పది. అందులో పదకొండు కుంటివి.
ముప్పై ఎనిమిదేళ్ళుగా వీళ్ళ పాటలు మోస్తున్నాను నేను,
ఒక్కో పెట్టె నలభై కేజీలు.

బ్యాండు పేరు వాల్తేరు వ్యాగన్స్.
పేరు పెట్టిన రోజు నలుగురూ
నిజంగానే యార్డులో ఖాళీ వ్యాగను మీద కూర్చున్నారట.
ప్యాంట్లకు ఖనిజం దుమ్ము.
ఎన్ని ఉతుకులకీ పోని ఎరుపు.

డెరిక్ రొజారియో గొంతు ఇప్పుడు సగమే ఉంది.
మైకు జనం వైపు తిప్పి
మిగతా సగం వాళ్ళకి దానం చేస్తున్నట్టు నవ్వుతాడు.
సిమ్మా పోలినాయుడి స్టీల్ గిటారు
ఏ షాపులోనూ దొరకదు:
ఆస్పత్రి మంచం కాళ్ళు, లాంబ్రెటా క్లచ్ వైరు,
డీజిల్ షెడ్డు పారేసిన బేరింగు.
అది తీగ మీద జారితే
ఎడారి, గుర్రాలు అంటారు తెలిసినవాళ్ళు.
నాకైతే కొత్తవలస లైన్లో
తెల్లారగట్ల గూడ్సు బ్రేకు పట్టినట్టుంటుంది.

ఈ ఊళ్ళో తీగలు మూడు వారాలు బతికితే ఎక్కువ.
ఉప్పుగాలి తినేస్తుంది.
కొత్తవి కొనలేని రోజుల్లో
బేస్ తీగలు చుట్ట చుట్టి గిన్నెలో ఉడకబెట్టేవాడు ఎర్నెస్ట్.
అదే పొయ్యి మీద పప్పెక్కించాల్సిన ఫిలోమినమ్మ
“ఏటి, ఇంకా మెత్తబడలేదా?” అనేది.
ఎర్నెస్ట్ పోయి నాలుగేళ్ళు.
ఇవాళ ఆవిడ మొదటి వరసలో కూర్చుని
బేస్ వాయించే కొత్త కుర్రాడి వేళ్ళకేసి
పప్పు పొంగుతుందేమో అన్నట్టు చూస్తోంది.

డ్రమ్స్ వెనక జిలానీ భాయ్.
షిప్‌యార్డులో రివెట్లు రెండు చెవులూ తీసుకున్నాయి.
చెప్పులు విప్పి కూర్చుంటాడు,
చెక్క వేదికని అరికాళ్ళతో వింటాడు.

ఆరో పాట సగంలో కరెంటు పోయింది.
జనరేటరు కుర్రాడు టీకి పోయాడు.
నా మిక్సరు మీది చిన్న దీపాలన్నీ
ఒక్కసారే కళ్ళు మూశాయి.
స్టీల్ గిటారు దోమంతైంది.
బేస్ అసలే లేదు.
డెరిక్ నోరు తెరిచి ఆగిపోయాడు.

డ్రమ్స్ మాత్రం ఆగలేదు.
నేల మీద జనం కాళ్ళు కొడుతూనే ఉన్నాయి,
ఆయనకి అది చాలు.

ఆ దెబ్బ పట్టుకుని ఎవరో వెనకనుంచి ఎత్తుకున్నారు
వీళ్ళు కట్టిన ఒకే ఒక్క తెలుగు పాట:
“గేటు తియ్యరా గంగులూ, బండెల్లిపోనాది…”
డెరిక్ వేదిక దిగి, మామూలు గిటారుతో
కుర్చీల మధ్యకి వచ్చేశాడు.
నా పక్కనుంచి పోతుంటే వినబడింది,
ఆ సగం గొంతు, ఏ తీగా మధ్యన లేకుండా.

ఇన్నేళ్ళూ ఈల కోసం విన్నాను,
గరగర కోసం విన్నాను.
తప్పు దొరికితేనే నాకు జీతం.
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోడం
ఇదే మొదలు.

కరెంటొచ్చింది. ఫ్యాన్లు కదిలాయి.
హాలంతా “అయ్యో” అంది.
నేను ఏ మీటా పైకి తొయ్యలేదు.

పదకొండింటికి కుర్చీలు లెక్కపెడితే రెండొందల తొమ్మిది.
ఆ ఒక్కటీ బయట వేపచెట్టు కింద ఉంది.
జిలానీ భాయ్ దానిలో కూర్చుని
చెప్పుల్లోకి పాదాలు దూరుస్తున్నాడు, తీరిగ్గా.
చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను:
“కరెంటు పోయినా భలే నడిపించావు భాయ్!”

ఆయన తలెత్తాడు.
“కరెంటు పోయిందా?
ఏ పాటలో?”