ఈశాన్యం మూల

చిట్యాల దాటినంక హైవే దిగి
ఎడమ చేతి మట్టిరోడ్డు పట్టుకుంటే కమాను వస్తది.
తామరపువ్వు బొమ్మ, రెండు సిమెంటు ఏనుగులు.
ఒకదానికి తొండం ఇరిగింది.
దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీల నేను.

గజం ఆరువేల ఐదొందలు.
రాళ్ళకు పసుపు, నెంబర్లకు ఎరుపు.
నూట ముప్పై రెండు ప్లాట్లకు నేనొక్కన్నే కావలి.
ఇండ్లు లేవు, కుక్కలున్నయి.
రాళ్ళను ఎవరెత్తుకపోతరు?
నన్నెందుకు పెట్టుకున్నరో నాకెరుకే.

పదహారేండ్ల కింద ఇదే బాటల
జానిమియా ట్యాంకర్ మీద క్లీనర్ను.
రాత్రి పదకొండు దాటినంక కంపెనీ గేటు తెరిచేటోళ్ళు.
లైట్లు బందువెట్టి బండి వెనక్కి వస్తుంటే
నేను దిగి "రానీ, రానీ" అని చెయ్యి ఊపేటోన్ని.
వాల్వు తిప్పితే
ఎండకాలపు గొడ్డు లెక్క గుటగుట తాగేది భూమి.
ట్రిప్పుకు నూటయాభై.
పైసలు తర్వాత, క్వార్టర్ ముందు.
జానిమియా బొటనవేలి గోరు ఊడింది, మళ్ళ మొలవలే.
"నేలతల్లి అన్నీ దాచుకుంటది" అనేటోడు.

తొలకరి పడంగనే
పార్కు మూలకెళ్ళి లేస్తది ఆ వాసన,
కుళ్ళిన గోంగూరల కిరసనాయిలు కలిపినట్టు.
పార్కంటే ఏమనుకున్నరు?
లేఅవుట్‌ల కొంత జాగ ఖాళీ వదలాలె గదా,
పెద్దగుంత ఎక్కడుందో అక్కడ్నే వదిలిన్రు.
మొరం నింపి జారుడుబండ పెట్టిన్రు.
పచ్చగడ్డి డీసీఎంల వస్తది,
మూడు నెలలకు చాపలు చాపలే పసుపై పోతది.

నీళ్ళ గురించి మా జిల్లాకు ఒకరు చెప్పాల్నా?
మా నాయినకు మెడ తిరిగేది కాదు.
పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరిగేటోడు.
అది దేవుడు కలిపిన విషం.
ఇది నేను కలిపింది.

మొన్న ఆదివారం ఒకామె వచ్చింది.
నల్లగొండ డిపో కండక్టరమ్మ, పారిజాత.
క్యాష్ బ్యాగు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది.
నలభై ఏడో నెంబర్ రాయిని
బిడ్డ తల నిమిరినట్టు నిమిరింది.
సిద్ధాంతి చెప్పిండట, బోరు ఈశాన్యంల పడాలని.
ఆ ప్లాటుకు ఈశాన్యమంటే
పార్కు గోడ.

"దూపైతుంది పెద్దయ్యా, జరన్ని నీళ్ళియ్యి."
నా డబ్బా ఇచ్చిన.
తాగి, కొంగుతోటి మూతి తుడుసుకొని
కమాను పక్క బోరు దిక్కు చూసింది. డబ్బా దిక్కు చూసింది.
"ఇంటికాడికెళ్ళి తెచ్చుకుంటవా?"
"ఆఁ."
"ఎంత దూరం?"
"సైకిల్ మీద ఐదు కిలోమీటర్లు."

ఇరవై ఏండ్లు ముఖాలు చదివిన మనిషి.
ఎవడు టికెట్ లేకుంట కూసున్నడో
అడగకముందే తెలుస్తదామెకు.
నేను చెప్పిన. పెండ్లానికి గూడ చెప్పనిది చెప్పిన.

తిడుతదనుకున్న. తిట్టలే.
చెప్పులిడిచి నా ముందర కింద కూసున్నది.
సొసైటీ లోను తీసిందట.
బయానా మూడు లక్షలు ఇచ్చిందట, తిరిగి రాదట.
ఈ ధరకు ఇంకెక్కడ దొరుకుతదని నన్నే అడిగింది.
తర్వాత, శాన సేపటికి,
"పోసిన జాగలు చెప్పకు. పొయ్యని జాగ చూపెట్టు,
ప్లాటు మార్పించుకుంట."

లేచి నిలబడ్డ.
కాళ్ళు కదలలే.
అప్పుడు చీకటి.
లైట్లు బందు.
వెనక్కి వచ్చే బండినే చూసుకుంట చెయ్యి ఊపినోన్ని,
ఏ చెలకల నిలబడ్డనో
ఒక్కనాడన్న కిందికి చూసిన్నా?