పిక్క

నోట్లో నీళ్ళూరాయంటే చాలు
ఎడమ చెవి కింద నరమొకటి పట్టి లాగుతుంది.
నా పని చూడబోతే చింతపండు.

గుణుపురంలో పాత్రో గారి గోదాంలో
పదకొండు మందిమి గోనెల మీద కూర్చుని
పెంకు వలిచి, ఈనె లాగి, రాయితో కొట్టి పిక్క తీస్తాం.
కొండ మీంచి సవర్లు కావిళ్ళతో దింపిన కొత్త పులుపు,
గాలి పీల్చినా నోరు ఊరుతుంది.
మిగతావాళ్ళు గుటక మింగుతారు.
నేను బుగ్గ పట్టుకుంటాను.

మొదట గవదలన్నారు.
పిల్లల జబ్బు నీకేటే అని నవ్వింది గౌరీసు.
పసుపూ సున్నం కలిపి రాశాను.
చర్మం ఎర్రబడింది గానీ గడ్డ మాత్రం
అద్దె కట్టనివాడిలా కదల్లేదు.
దాని కింద, మెడ మీద ఇంకో రెండు,
వేలి కింద అటూ ఇటూ జరిగేవి.
మా బుడ్డోడు చూసి తేల్చేశాడు:
"అమ్మ పిక్క మింగేసింది, చెట్టు మొలుస్తాది."

బరంపురం పెద్దాసుపత్రిలో
చీటీ అంతా గుండ్రటి అక్షరాలు, ఒక్కటీ నాకు రాదు.
"దొమొయొంతీ" అని పిలిస్తే
ఎవరో అనుకుని రెండుసార్లు ఊరుకున్నాను.
సన్న సూది దించి, చుక్క లాగి, గాజుపలక మీద పూశారు.
పిక్క తీసెయ్యరా అనడిగాను.
తియ్యరట. మాత్రలకి లోపలే కరగాలట.
టీబీ అన్నాడు. నాకు దగ్గే లేదన్నాను.
ఊపిరితిత్తుల్లో కాదు, ఉమ్మి ఊరే గ్రంథిలో, మెడ బిళ్ళల్లో,
ఇది ఇంకొకళ్ళకి అంటదు అన్నాడు తెలుగులో,
మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుంటూ.

ఆ తెలుగు పాత్రో గారి దాకా రాలేదు.
గోదాంలో నా గ్లాసుకి ఎర్ర దారం కట్టారు.
మూడో రోజు చూస్తే
గౌరీసు గ్లాసుకీ దారముంది.
తనే కట్టుకుందట. ఎందుకని అడగలేదు.

ఆరు నెలలు మాత్రలు.
మొదటి రోజు ఉచ్చ నారింజ రంగులో పడితే
రక్తమనుకుని దొడ్లో కూలబడ్డాను.
రెండో నెల్లో గడ్డ పగిలి మూడు వారాలు కారింది.
కొంగు ఆ పక్కకే కప్పుకునేదాన్ని,
ఆధార్ ఫోటోకి కూడా మొహం తిప్పబోయి తిట్లు తిన్నాను.

ఇప్పుడు చెవి కింద
చింత ఈనంత గీత, లోపలికి లాక్కుపోయి.
నిన్నటితో మాత్రలు అయిపోయాయి.
ఎవరూ చూడకుండా కొత్త పండు ఒక రెబ్బ
ఎడమ వైపు పెట్టుకుని ఆగాను.

కుడి పక్క వెంటనే ఊరింది.
ఎడమ పక్క
ఎండాకాలం వంశధారలో చెలమ తోడినట్టు
ముందు ఇసుక తడిసింది,
చాలాసేపటికి
ఒక్క చుక్క.