ఐయున్ పేరులో పలకని అక్షరం

టోర్షావ్న్‌లో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
నావికుల పింఛను ఆఫీసులో దూరిత
హీటరు మీద చేతులు కాచుకుని
మళ్ళీ కీబోర్డు దగ్గరికి తెచ్చింది.
ఎదురుగా బల్ల మీద సున్నేవా,
ఒళ్ళో తడి చేతితొడుగులు.
ఆమె భర్త సముద్రం మీద గడిపిన రోజులు
లెక్కకు చాలడం లేదట.

మిగతా రోజులు సూవురోయ్ దీవిలో ఉన్నాయి.
ఓడ మీద రెండు గంటలు.
గాలి పెద్దదైతే అదీ లేదు.
పాత ఉప్పుచేపల గోదాం పక్క గదిలో ఒక సర్వరు,
ఏ పడవ ఎప్పుడు కదిలింది, ఎవరెక్కారు,
ఎన్నాళ్ళకు దిగారు,
అంతా కడుపులో పెట్టుకుని
ఎవరూ అడగరు కనక ఎవరికీ చెప్పకుండా.

ఇక్కడొక డేటాబేసు, అక్కడొకటి.
మధ్యన లింకు కట్టాలి.
తాడు అక్కర్లేదు, తెడ్డు అక్కర్లేదు.
లింకుకొక పేరు, అవతలి చిరునామా,
గడప దాటనిచ్చే ఒక మనిషి పేరు, పాస్‌వర్డు.
పాస్‌వర్డు తెలిసిన బైనిర్
గొర్రెల్ని దింపడానికి కొండెక్కాడు.

ఫోనెత్తేసరికి అయిదు.
"నవ్వకు," అన్నాడు.
చచ్చిపోయిన కుక్క పేరు, అది పుట్టిన ఏడు.
దూరిత నవ్వలేదు.

మొదటిసారి: *అవతల వినేవారు లేరు.*
యంత్రాలు ఇంత నిజాలు ఇంత మామూలుగా ఎలా అంటాయో.
బైనిర్ వెళ్ళి ఏదో మీట నొక్కాడు.
రెండోసారి, అక్కడ టైమెంత అని అడిగింది.
జవాబొచ్చింది, ఏడు నిమిషాలు వెనగ్గా.
వెనకైతేనేం, పలికింది.

ఐయున్ అని వెతికింది.
సున్న వరసలు.
పుట్టిన తేదీతో వెతికింది.
వచ్చాడు,
పేరు నడుమ ఒక ప్రశ్నార్థకంతో.

ఆ పేరులో ఒక అక్షరముంది.
నడుం వంగి, నెత్తిన అడ్డంగా తెడ్డు మోస్తున్న
ముసలివాడిలా ఉంటుంది.
రాస్తారు, పలకరు.
మన అరసున్నలాగే,
నోటికి బరువు కాదు, కాగితానికి మర్యాద.
అవతలి యంత్రం లిపి పట్టిక వేరు, ఇవతలిది వేరు;
దారిలో సుంకం వసూలుచేసేవాడెవడో
పోల్చుకోలేని ఆ ఒక్క అక్షరాన్ని లాక్కుని
చేతిలో ఓ కొక్కెం పెట్టి పంపాడు.

సున్నేవా తెర మీదికి వంగి చూసింది.
"దాన్ని మేమెవరం పలకలేదమ్మా,
నలభై ఏళ్ళలో ఒక్కసారీ.
లేకపోతే మనిషే దొరకడా?"

దూరిత ఆ అక్షరం చెరిపి
అక్కడ ప్రశ్నార్థకమే కొట్టింది.
అప్పుడు వరసలు కదిలాయి.
గ్రీన్‌లాండ్, నలభై మూడు రోజులు.
ఐస్‌లాండ్ దక్షిణాన, పద్దెనిమిది.
ఒక వరస చివర:
ముందుగా తీసుకున్న సొమ్ము, కుట్టుమిషను నిమిత్తం.

సున్నేవా చేతితొడుగులు కిందపడ్డాయి.
"అది వాళ్ళ పిన్ని పంపిందన్నాడే."

ఇక రెండు వైపులా ఒకేసారి రాయాలి.
ఇటు అడిగింది: సిద్ధమా?
అటు అంది: సిద్ధం.
ఖాయమన్న మాట వెళ్ళి తిరిగొచ్చేలోగా
లైట్లు ఓసారి మినుకుమన్నాయి.
ఆ కాసేపూ ఐయున్
ఇక్కడ చేరనూ లేదు, అక్కడ మిగలనూ లేదు.
కిటికీ అద్దం మీద వాన అడ్డంగా కొడుతోంది.
వాళ్ళిద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

చేరింది. రెండు చోట్లా.

ఓడ టైమైందని సున్నేవా లేచింది,
ఒక తొడుగు బల్ల కిందే మరిచిపోయి.
బైనిర్ ఫోన్ చేశాడు: "లింకు తెంపెయ్యనా?
రాత్రికి కరెంటు ఆపుతారట."
"ఆపనివ్వకు," అంది దూరిత.
తెర మీద ఇంకా నూట పన్నెండు మంది,
పేర్ల నడుమ కొక్కేలు పట్టుకుని,
ఎవరు పిలుస్తారా అని.