ఖాళీ రీఫిళ్ల తోట

మార్చి మొదటి శనివారం. నేమునాస్ నది
ఇంకా మంచు పలకల్ని మోసుకుపోతూనే ఉంది.
యూర్బర్కాస్ సంతలో, నా చెక్క గరిటెల బల్ల పక్కన
గెనొవాయితె తన తోటని కొక్కేనికి తగిలించింది.

మా లిథువేనియాలో తోట నేలమీదే ఉండాలని లేదు.
రై గడ్డి పరకల్ని దారానికి గుచ్చి
మూలకి మూల కలిపి
పెళ్లి బల్లపైన, ఉయ్యాలపైన వేలాడదీస్తాం.
తలుపు తీస్తే తిరుగుతుంది.
తియ్యకపోయినా తిరుగుతుంది,
గదిలో ఎవరో ఒకరు ఊపిరి తీస్తుంటే చాలు.

ఈమెది గడ్డి కాదు.
రాసి రాసి అయిపోయిన బాల్‌పెన్ రీఫిళ్లు.
ఒక్కోదాని అడుగున గోటిమందం నీలం.
వందలు. అన్నీ కలిసి
ఎత్తుగా, చలిగా, దాదాపు ఏమీ లేనట్టుగా.

బొచ్చు కాలరు కోటు వేసుకున్న ఒకాయన ఆగాడు.
చేతికర్రతో పొడిచి చూశాడు.
"దీన్ని కూడా తోట అంటారా?
చెత్తబుట్టని ఉరితీసినట్టుంది.
గడ్డి కొనే గతి లేదా నీకు,
లేక చేతులకి సిగ్గు లేదా?"
జనం మూగారు. సంతలో
తిట్లు వినడానికి డబ్బులక్కర్లేదు కదా.

నాకు తెలుసు ఆ రీఫిళ్ల సంగతి.
ముప్పై ఒక్క ఏళ్లు ఆమె
జనన మరణాల రిజిస్టరు రాసిన మనిషి.
మా కవలల పేర్లు వాటిలోంచే కారాయి,
మా నాన్న పోయిన తేదీ కూడా.
ఏ గొట్టంలోంచో ఆమెకీ గుర్తుండదు.
ఆ ఒక్క ముక్క చెబితే
కోటాయన కళ్లు తుడుచుకుని పర్సు తీసేవాడు.

ఆమె చెప్పలేదు.
"గడ్డి బావుంటుందండీ," అంది,
"నాకు ఇవి కావాలనిపించింది."

అంతే. అతను ఇంకా అరిచాడు.
నేను గరిటెలు సర్దుతున్నట్టు నటించాను.

తర్వాత గొణిగాను: చెప్పొచ్చు కదా!
ఫ్లాస్కు మూత తిప్పుతూ నవ్వింది.
"మంచి కథ ఉంటేనా ఆయన నన్ను వదిలిపెట్టేది?
వచ్చే ఏడు కోడి ఎముకలతో కడతాను.
వాటికే కథా లేదు.
తెల్లగా ఉంటాయి, నాకు నచ్చాయి."

ఆ మాట నా బల్లమీదికొచ్చి కూర్చుంది.
నావి జూనిపర్ గరిటెలని రాసి ఉంటుంది అట్టమీద.
పైన్ చెక్కని టీ డికాషన్‌లో ఉడికిస్తాను
ఆ రంగు రావడానికి.
పైన్ అంటే నాకిష్టం. దాని జిగురు వాసన,
ఉలి కింద అది మెత్తగా ఒప్పుకోవడం.
పద్నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

చీకటి పడే వేళకి ఆ తోట అమ్ముడుపోలేదు.
విప్పడానికి ఆమెకి సాయం పట్టాను.
వేలికి కొంచెం నీలం అంటింది,
ఇన్నాళ్లకి కూడా తడి!

ఒకటి మాత్రం చెప్పాలి, కళ్లారా చూశాను.
ఆయన కర్రతో పొడిచినప్పుడు అది ఊగిందంతే.
తిట్టినప్పుడు
ఆ నోటి గాలికి
మెల్లగా, ఒక మూల తర్వాత ఇంకో మూల
వెలుగుకి చూపిస్తూ
తిరిగింది.