తొమ్మిదో నంబరు చెప్పులు

గంగమ్మ జాతర వస్తే
నా మిషను మగవాళ్ళకే జాకెట్లు కుడుతుంది.
నలభై రెండు ఛాతీ, చేతులకు జరీ అంచు,
చంక దగ్గర రెండంగుళాలు వదులు.
"బిగుతైతే ఊపిరాడదక్కా" అంటాడు పాలవ్యాను మునిశేఖరు.
"మాకు ఏడాదంతా అంతే" అంటాను,
నోట్లో గుండుసూదులతో.

కొర్లగుంట, మూడో సందు.
వాకిట్లో పెయింటు డబ్బాలో కరివేపాకు చెట్టు.
జాతరకు నెల ముందు దాని మీద పిట్టరెట్ట;
దులపబోతే కదిలింది.
కొన్నాళ్ళకు పచ్చబడి, లేతాకంతా నమిలి,
తాకితే తల మీంచి ఎర్రటి కొమ్ములు చాచి
కంపు కొట్టింది.
ఆ వారం పప్పులోకి ఆకు లేదు.
ఊరుకున్నాను.

మేడ మీద అద్దెకుండే రిజ్వానా, పీలేరు పిల్ల,
యూనివర్సిటీలో పురుగుల చదువు,
మెట్ల మీద కూర్చుని చెప్పింది:
కొండ మీద ఈశ్వరి తీగ తిని పెరిగే సీతాకోకచిలుక ఒకటుందంట.
ఒళ్ళంతా చేదు. నల్లరెక్కల మీద ఎర్రచుక్కలు.
ఒకసారి నోట పెట్టిన పిట్ట మళ్ళీ దాని జోలికి పోదంట.
మన కరివేపాకు దానికి ఏ చేదూ లేదు.
అందుకని ఆ చేదుదాని బట్ట కట్టుకుంటుంది.
"మగవి?"
"వాటికి వేషం లేదాంటీ. ఆడవాటికే."
అదీ అన్నిటికీ కాదు.
ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చిన అక్కచెల్లెళ్ళలో
ఒకతి ఈ చేదుదాని చీర,
ఇంకొకతి వేరే చేదుదాని చీర,
మూడోది నాన్న పోలికతోనే
అదే ఎండలోకి పోతుంది.

మూడోదాని గురించి ఆ రాత్రి చానాసేపు ఆలోచించాను.

దొరవేషం నాడు పొద్దున్నే గూడు చీలింది.
తడిరెక్కలు, చివర చిన్న తోకలు,
ఆరేస్తూ వేలాడింది.
కుట్టుపని కళ్ళు కదా, దగ్గరికి పోయి చూశాను.
అంచు కుదిరింది, చుక్కలు కుదిరాయి,
ఒళ్ళు మాత్రం నలుపు. అసలుదానికి ఒళ్ళూ ఎరుపేనంట.
లైనింగు గుడ్డ కలవలేదు.
ఎగిరేటప్పుడు ఎవరు చూస్తార్లే.

వీధిలో డప్పులు.
మునిశేఖరు నా జాకెట్టులో, పెళ్ళాం పట్టుచీరలో,
మల్లెపూలతో, మీసంతో.
అందరూ తప్పుకుని దండం పెట్టారు.
సాయంత్రానికి విప్పేస్తాడు.

నా గడప పక్కన తొమ్మిదో నంబరు తోలుచెప్పులుంటాయి.
పదకొండేళ్ళ కింద గాంధీరోడ్డులో బేరమాడి కొన్నాను.
ఏ కాలూ వాటిలో దూరలేదు.
రెండు మూడు రోజులకొకసారి తావు మారుస్తాను,
కొత్తగా కనబడకూడదని మట్టి పూస్తాను.
కరెంటు బిల్లు అబ్బాయి "సార్ లేరా?" అంటే
"నిద్రపోతా ఉండారు" అంటాను.

జాతరైన నాలుగో రోజు
గుడ్లు పెట్టను మళ్ళీ వచ్చింది.
వెనకరెక్కలో ఒక తునక లేదు,
జాకెట్టుకి వీ మెడ తీసినట్టు.
ఏదో పిట్ట సగమే నమ్మింది.

గడియకు అవతల కాసేపు నిలబడి,
సగం నమ్మి, వెనక్కి పోయిన అడుగులు
నాకూ తెలుసు.

కింది కొమ్మలు కోయనింక.
పప్పుకి బజారు ఆకు చాలు.